రెండు మంచాల గది

విఠల్ రొయ్య తల తుంచాడు.

పొట్టు ఒక్క ఊపున ఒలిచి, వీపు మీది నల్లటి నరాన్ని గోటితో పైకి తీసి, నిమ్మచెక్క పిండి నోట్లో వేసుకున్నాడు. చూసేవాళ్ళకి ఊపిరి తీసుకునే వ్యవధి కూడా లేదు. రెండో రొయ్య అందుకున్నాడు.

ఎదురుగా కూర్చున్న చాముండేశ్వరి పులిహోర డబ్బా మూత తీస్తూ తీస్తూ ఆగిపోయింది.

"ఏమే మంగళా, వీడు ఎన్నాళ్ళనుంచి తింటున్నాడే ఇవి?"

తమ్ముణ్ణి అడగాల్సిన మాట మరదల్ని అడిగింది. మంగళకి తెలిస్తే కదా చెప్పడానికి. కేకులో గుడ్డు పడుంటుందేమోనని కూతురి పుట్టినరోజునాడు కూడా ముట్టని మనిషి అతను. పెళ్ళయి పన్నెండేళ్ళు. ఆ పన్నెండేళ్ళూ తను వండి వడ్డించింది ఈ చేతికేనా అని మంగళ అతని వేళ్ళకేసి చూస్తూ కూర్చుంది. వేళ్ళ మీద సన్నటి గాట్లున్నాయి. కొన్ని పాతవి, మానిపోయినవి. ఎప్పుడు తెగాయో తను చూడనేలేదు.

"మార్చినించి తింటున్నానక్కా," అన్నాడు విఠల్, తనే.

"చెప్పనైనా లేదే."

"ఎవరడిగారు?"

చాముండేశ్వరి మూత మళ్ళీ బిగించేసింది.

మెక్‌లే ద్వీపంలో ఆ హోటలు జెట్టీకి ఆనుకునే ఉంది. రేకుల కప్పు, ఆరు బల్లలు, వాటి మీద పూల ప్లాస్టిక్ గుడ్డలు. ఆ పూట పడిన చేపల పేర్లు నల్లబల్ల మీద సుద్దతో రాసి పెట్టారు. కింద సముద్రపు నీరు వెనక్కి తీసి బురద బయటపడింది. నాలుగు పెలికాన్ పక్షులు వంటింటి వెనక గుమ్మం వైపు అప్పిచ్చినవాళ్ళలా చూస్తూ నిలబడ్డాయి. ఈ దేశంలో జూన్ నెల చలికాలమే అయినా ఎండ ఒంటికి హాయిగా తగులుతోంది.

ఎవరికి హాయి? మంగళ భర్తతో మాట్లాడి ఆరోజుకి పదకొండు రోజులు.

పదకొండు రోజుల కిందట, నగరంలో, సన్నీబ్యాంక్‌లోని వాళ్ళ అద్దింట్లో, చెంబుతో నీళ్ళు తాగుతూ విఠల్ చెప్పాడు: కంప్యూటర్ల పనికి ఇక వెళ్ళననీ, ద్వీపంలో కార్మెన్ అనే ముసలావిడ హోటలు వంటింటి బాధ్యత జూలై ఒకటినుంచి తనే తీసుకుంటున్నాననీ, సంతకం కూడా పెట్టేశాననీ. నీళ్ళు తాగి చెంబు బోర్లించి పెట్టాడు. ఆ క్షణంలో మూసుకున్న మంగళ నోరు మళ్ళీ తెరుచుకోలేదు. "స్నేహా, నాన్నకి అన్నం పెట్టానని చెప్పు." "స్నేహా, అమ్మని బిల్లు కట్టావా అని అడుగు." తొమ్మిదేళ్ళ పిల్ల ఆ గదికీ ఈ గదికీ తిరిగి తిరిగి, చివరికి విసిగి, "యూ గైస్ కెన్ టాక్, యూ నో," అంది.

ఆ కబురు కాన్‌బెర్రా దాకా పాకింది. అక్కడ గంగాలిన్‌లో ఉంటున్న ఆడపడుచు చాముండేశ్వరి గురువారం విమానంలో దిగింది, మాట తేల్చడానికి. రాగానే అడిగింది. విఠల్, "శనివారం అందరూ ద్వీపానికి భోజనానికి రండి, అక్కడే చెబుతాను," అన్నాడంతే.

ఇదిగో, వచ్చారు.

"సరే, వచ్చాం, చూశాం," అంది చాముండేశ్వరి. "ఇంక నా మాట విను. మీ బావగారు వాళ్ళ డిపార్ట్‌మెంటులో ఎంత చెప్పి పెట్టారో నీకు తెలుసు. సోమవారం వాళ్ళు ఫోన్ చేస్తారు. మర్యాదగా మాట్లాడు. వచ్చే నెలకి అందరూ కాన్‌బెర్రా వచ్చేయండి. ఇల్లు దొరికేదాకా మా ఇంట్లోనే ఉండొచ్చు."

"బావగారితో నేను మాట్లాడేశానక్కా."

"ఏమని?"

"నాకు వద్దని."

"వద్దంటే మరి ఆయన సోమవారం ఫోను వస్తుందని నాతో ఎందుకన్నారు?"

విఠల్ కూతురి పళ్ళెంలోకి ఒక చేపముక్క వేశాడు. స్నేహ దాన్ని ఫోర్కుతో పక్కకి జరిపి, చిప్స్ సాస్‌లో ముంచుకుంది.

"నీకు ఏం తక్కువైందిరా?" చాముండేశ్వరి గొంతు తగ్గించింది. పక్క బల్ల దగ్గర తెల్లవాళ్ళ కుటుంబం ఒకటి కూర్చుంది. వాళ్ళకి తెలుగు రాదన్న సంగతి ఆమెకు గుర్తున్నట్టు లేదు. "కంపెనీవాళ్ళు పిలిచి, టిక్కెట్లిచ్చి తెచ్చుకున్నారు నిన్ను. మన రాజమండ్రిలో నీ పేరు చెప్పుకుని ఎంతమంది పిల్లలు కంప్యూటర్లో చేరారో తెలుసా?"

"ఏం చేయడానికి తెచ్చుకున్నారో తెలుసా అక్కా నీకు?"

"అదేదో వైటూకే."

"అదే. రెండేళ్ళు కూర్చుని పాత ప్రోగ్రాముల్లో తేదీలు దిద్దాను. తొంభైతొమ్మిది తరవాత రెండు సున్నాలొస్తే మిషను తికమక పడకుండా. వేలకి వేల లైన్లు. జనవరి ఒకటి వచ్చింది. ఏమీ కాలేదు."

"ఏమీ కాకుండా చూడ్డమే కదరా నీ పని."

"అదే చెబుతున్నా. ఏమీ కాకపోతే పని జరిగినట్టు ఎవరికి తెలుస్తుంది? ఆ సోమవారం ఆఫీసుకెళ్తే మా మేనేజరు నవ్వుతూ అన్నాడు, ఇంత హడావుడి అనవసరంగా చేశామేమో విట్టల్ అని. అతనికి నా మీద కోపం లేదు. ఊరికే అన్నాడు. నేను కుర్చీలో కూర్చుంటే నాకే అనుమానం వచ్చింది, నిజంగా రెండేళ్ళు నేనేమైనా చేశానా అని."

"మరి ఇక్కడ?"

"ఇక్కడ పళ్ళెం ఖాళీగా తిరిగొస్తుంది."

చాముండేశ్వరి తమ్ముడి మొహంలోకి చూసింది.

"పళ్ళెం ఖాళీ చేయించడానికి ఇంజినీరింగు ఎందుకు చదివావురా," అంది.

మంగళకు నవ్వొచ్చింది. ఆ సమయంలో నవ్వు రావడం ఆమెకే అర్థం కాలేదు. నవ్వు కనబడకుండా మంచినీళ్ళ గ్లాసు ఎత్తుకుంది. గ్లాసు అంచు మీదుగా చూస్తే విఠల్ తనవైపే చూస్తున్నాడు. పదకొండు రోజుల్లో మొదటిసారి కళ్ళు కలిశాయి. ఎవరు ముందు తిప్పుకున్నారో తెలియలేదు గాని, ఇద్దరూ తిప్పుకున్నారు.

మేనేజరు మాట అతను ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. ఆరు నెలలు కడుపులో పెట్టుకుని, ఇవాళ అక్కగారికి చెప్పాడు. అది కూడా, తనకి వినబడేలా.

వంటింటి కిటికీలోంచి గంట మోగింది. విఠల్ వెంటనే లేచాడు, బడిపిల్లాడిలా. లేచినవాడు అక్క వైపూ భార్య వైపూ చూసి, "ఒక్క పదినిమిషాలు," అని లోపలికి వెళ్ళిపోయాడు.

అతను అటు వెళ్ళాడు, ఇటు కార్మెన్ వచ్చింది.

డెబ్భై ఏళ్ళుంటాయి. మోకాళ్ళు అరిగిపోయి కర్ర పట్టుకుని నడుస్తోంది. చిన్నప్పుడెప్పుడో మాల్టా నించి ఓడెక్కి వచ్చి, చెరుకు తోటల్లో పనిచేసిన మొగుడితో ఈ ద్వీపానికి చేరి, ఈ హోటలు పెట్టిందని విఠల్ చెప్పిన సంగతి మంగళకి గుర్తొచ్చింది. మొగుడు పోయాడు. కొడుకు జోకి పడవా వలా తప్ప పొయ్యి సంగతి తెలియదు. కార్మెన్ తిన్నగా వచ్చి మంగళని కావలించుకుంది. పచ్చిచేప వాసన గుప్పుమంది. మంగళ ఊపిరి బిగబట్టింది.

"మంగలా," అంది కార్మెన్, 'ళ' పలకలేక. "ఎన్నాళ్ళనుంచి చూడాలనుకుంటున్నానో. రా, నీకు పైన చూపిస్తాను. ఎంత బాగు చేశాడో చూద్దువుగాని."

"పైన ఏముంది?" అంది మంగళ ఇంగ్లీషులో.

"చెప్పలేదా? రా లవ్."

ఇక్కడి ఆడవాళ్ళు అందరినీ అలాగే పిలుస్తారని తెలిసినా మంగళకు ఆ పిలుపు ఎప్పుడూ ఇబ్బందే. ఆడపడుచు వైపు చూసింది. చాముండేశ్వరికి కార్మెన్ ఉచ్చారణ ఒక్క ముక్క పట్టుబడలేదు. "వెళ్ళు, బాత్రూము చూపిస్తోంది కాబోలు," అంది.

చెక్క మెట్లు. కార్మెన్ మెట్టుకొకసారి ఆగుతూ ఎక్కింది. మంగళ వెనకే ఎక్కింది, ముసలావిడ పడిపోతే పట్టుకోవాలన్నట్టు చేతులు ముందుకి పెట్టి.

"ఇది మా జో గది. పెళ్ళయ్యాక వేరే ఇంటికి మారాడు. అప్పట్నించి సామాను పడేసి ఉంచాం. మీ ఆయన నాలుగు ఆదివారాలు కూర్చుని రంగు వేశాడు."

ఆదివారాలు. ఆదివారాలు అతను ఎవరికో కొత్త పన్ను లెక్కలకి కంప్యూటరు అమర్చడానికి వెళ్తున్నానని చెప్పేవాడు. జూలైనించి దేశమంతా ఆ పన్నే కదా అని ఆమె నమ్మింది. మొదట్లో అది నిజం కూడానేమో. కార్మెన్ కంప్యూటరు అమర్చడానికే అతను మొదటిసారి ఈ ద్వీపానికి వచ్చాడు.

గది తలుపు తెరుచుకుంది.

గోడలు లేతపసుపు. కిటికీలోంచి నీళ్ళు, నీళ్ళకవతల చెట్లు. ఇంట్లో కనబడటం లేదని ఆమె రెండు వారాలుగా వెతుకుతున్న గళ్ళ చొక్కా మేకుకి వేలాడుతోంది. గోడవార ఒక మంచం. ఒక్కరు పడుకునేది. కిటికీ పక్కన ఇంకో మంచం, చిన్నది, దాని మీద కొత్త నీలం దుప్పటి.

మంగళ గదంతా మరోసారి చూసింది. బీరువా ఉంది. చిన్న బల్ల, దాని మీద దీపం ఉన్నాయి. ఇంకో మంచం పట్టే చోటుంది గాని, మంచం లేదు.

"పాపకి కిటికీ పక్కన కావాలట," అంది కార్మెన్ మురిపెంగా.

"మరి నేను?"

కార్మెన్ అర్థంకానట్టు చూసింది. "నువ్వొచ్చినప్పుడు నా గది ఇస్తాను, నేను కింద సోఫాలో సర్దుకుంటాను. దానికేముంది. నెలకోసారేగా వస్తావు?"

"ఎక్కణ్ణించి?"

"కాన్‌బెర్రా నించి."

మంగళకు తన ఇంగ్లీషు మీద అనుమానం వచ్చింది. అడిగిన మాట మళ్ళీ అడిగింది. కార్మెన్ అదే జవాబు ఇంకాస్త నెమ్మదిగా చెప్పింది, చెవిటివాళ్ళకి చెప్పినట్టు.

"గవర్నమెంటులో పెద్ద ఉద్యోగానికి వెళ్తున్నావటగా. ఎంత గొప్పగా చెబుతాడో నీ గురించి. మా ఆవిడ నాకంటే తెలివైనది కార్మెన్, ఇన్నాళ్ళూ నేనే అడ్డంగా ఉన్నాను అని. నా మొగుడు నలభై ఏళ్ళలో ఒక్కసారి అనలేదు అలాంటి మాట." కర్ర రెండో చేతిలోకి మార్చుకుని, మంగళ మొహం చూసి ఆగింది. "నేను చెప్పకూడనిది చెప్పానా?"

"లేదు," అంది మంగళ. "దుప్పటి బాగుంది."

ఆ మాట ఎందుకన్నదో ఆమెకే తెలియదు.

విఠల్ వంటింటి వెనక బల్ల దగ్గర ఉన్నాడు. మల్లెట్ చేపలు గుట్టగా పోసి ఉన్నాయి. నడుముకి తెల్లగుడ్డ చుట్టుకుని, ఒక్కొక్కటీ తోకపట్టి, కత్తి వెనక అంచుతో పొలుసు గీస్తున్నాడు. పొలుసులు ముంజేతులకి అంటుకుని మెరుస్తున్నాయి. మంగళ రెండడుగుల దూరంలో నిలబడింది. వాసనకి కొంగు ముక్కుకి పెట్టుకుందామనుకుని, మానేసింది.

"మంచాలు రెండే ఉన్నాయి," అంది.

పదకొండు రోజుల తరవాత భర్తతో ఆమె అన్న మొదటి మాట అది.

కత్తి ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలింది. "పైకి తీసుకెళ్ళిందా?"

"తీసుకెళ్ళింది. నేను కాన్‌బెర్రా ఎప్పుడు వెళ్తున్నానండీ?"

"ఇంకా ఖాయం కాలేదు."

"నాకు తెలియకుండానే ఖాయం అవుతుందా, ఖాయమయ్యాక తెలుస్తుందా?"

విఠల్ కత్తి పక్కన పెట్టాడు. చేతులు కుళాయి కింద కడుక్కున్నాడు, చాలాసేపు.

"బావగారు నన్నే రమ్మన్నారు. వాళ్ళ డిపార్ట్‌మెంటులో ప్రోగ్రాముల టెస్టింగ్‌కి మనుషులు కావాలట. నేను రాను, నీ పేరు చూడమన్నాను. నీ సీవీ నేనే టైప్ చేసి పంపాను. వాళ్ళకి నచ్చింది. సోమవారం పదింటికి ఇంటికి ఫోన్ చేస్తారు, ఇంటర్వ్యూకి."

మంగళ మొదట అడగాల్సినవి చాలా ఉన్నాయి. నోట్లోంచి వచ్చింది మాత్రం వేరు.

"ఏం రాశారు అందులో?"

"ఉన్నదే రాశాను. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్, యూనివర్సిటీలో రెండో ర్యాంకు. రెండేళ్ళు లెక్చరరు. ఇక్కడ టేఫ్ కాలేజీలో సాయంత్రాలు టెస్టింగ్ కోర్సు, డిస్టింక్షన్."

ఎన్నేళ్ళయింది ఆ మాటలు ఎవరి నోటైనా విని. అతనే కోర్సు సర్టిఫికెట్టు చూసి "బాగుంది, తర్వాత చూద్దాం" అని ఫ్రిజ్జు మీద పెట్టాడు. అది అక్కడే ఉండిపోయిందనుకుంది. లోపల ఏదో కదిలింది. సంతోషమేమో అనుకునేలోగా గదిలోని నీలం దుప్పటి కళ్ళముందుకొచ్చింది.

"మీకెవరు చెప్పారు నాకు ఉద్యోగం కావాలని?"

"నువ్వే. ఫిబ్రవరిలో."

"నేనా?"

"వాషింగ్ మిషను పాడైన రోజు. ఒక్క ఏడాది మీరు ఇంట్లో ఉండి నేను ఆఫీసుకెళ్తే తెలుస్తుంది మీకు అన్నావు."

ఆమెకు గుర్తొచ్చింది. బట్టలన్నీ నీళ్ళోడుతున్నాయి, పిల్లకి జ్వరం, అతను ఫోను పెట్టుకుని కూర్చున్నాడు.

"కోపంలో అన్నాను."

"నిజమే అన్నావనిపించింది నాకు."

"కోపంలో అన్నమాటకి మంచాలు కొంటారా?"

ఒక పెలికాన్ రెండడుగులు ముందుకేసింది. విఠల్ అలవాటుగా ఒక చేపతల దానివైపు విసిరాడు.

"పాపని ఇక్కడ ఉంచేద్దామనుకున్నారు."

"ఇక్కడ బడి ఉంది. కొత్త ఊరు, కొత్త ఉద్యోగం, మొదటి ఆర్నెల్లు నీకు ఊపిరాడదు కదా అని. తరవాత చూసుకుందామని."

"నన్ను అడగలేదేం?"

"నువ్వు మాట్లాడ్డం మానేశావు."

"పదకొండు రోజుల్నించి మానేశాను. మంచం ఎప్పుడు కొన్నారు?"

కుళాయి చివర్న నీటిబొట్టు జారింది. ఇంకోటి జారింది.

"మేలో," అన్నాడు విఠల్.

వాదనలో గెలిచానని మంగళకు తెలుసు. గెలిస్తే ఇలా ఉంటుందని తెలియదు. ఎదుటి మనిషి దొంగలా తలదించుకుంటే కోపం పెరగాలి. ఇతను తలదించుకోలేదు. ఎవరో తనకి అర్థంకాని భాషలో తిడుతుంటే వింటున్నవాడిలా, అమాయకంగా, అలిసిపోయి నిలబడ్డాడు.

"ఒక్కటే చెప్పండి," అంది. "నన్ను పంపిస్తున్నారా, వదిలించుకుంటున్నారా?"

"రెండూ కాదు."

"మరేమిటి?"

అతను తిన్నగా ఆమెకేసి చూశాడు. అబద్ధం వెతుక్కునే మొహం కాదు అది.

"నువ్వు బాగుండాలని ఉంది మంగళా. నేనూ బాగుండాలని ఉంది. రెండూ ఒక్క ఇంట్లో ఎలాగో నాకు తెలియలేదు. తెలిసినంతవరకు చేశాను."

వంటింట్లో గంట మోగింది. ఇద్దరూ అక్కడే ఉన్నారు. గంట మళ్ళీ మోగింది. విఠల్ నడుముగుడ్డకి చేతులు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళాడు.

మంగళ వచ్చేసరికి బల్ల దగ్గర స్నేహ ఐస్‌క్రీమ్ తింటోంది. చాముండేశ్వరి ఎట్టకేలకి పులిహోర తింటోంది, గోడవైపు తిరిగి.

మంగళ కూతురి పక్కన కూర్చుంది. మామూలుగా అడగాలనుకుంది. గొంతు మామూలుగానే వచ్చింది.

"పైన నీ మంచం చూశాను నాన్నా. నీలం దుప్పటి."

స్నేహ చెంచా నోట్లో పెట్టుకునే తలెత్తింది. "ఓ, యూ సా ఇట్? నేనే పిక్ చేశాను. పింక్ కూడా ఉంది, బట్ ఇట్ వజ్ అగ్లీ."

"నాకు చెప్పలేదేం మరి?"

"డాడ్ సెడ్ ఇట్స్ ఎ సర్‌ప్రైజ్. నీకు కాన్‌బెర్రాలో ఆఫీస్ వస్తుంది కదా. యూ గెట్ ఎ సర్‌ప్రైజ్, ఐ గెట్ ది విండో." అమ్మ మొహం చూసి పిల్ల గొంతు కాస్త తగ్గింది. "ఆర్ యూ నాట్ హ్యాపీ?"

"ఐస్‌క్రీమ్ కారిపోతోంది, తిను," అంది మంగళ.

చాముండేశ్వరి చేతిలో ముద్ద అలాగే ఉంది.

"ఏమంటోందే ఇది? ఎవరికి కాన్‌బెర్రాలో ఆఫీసు?"

"నాకే వదినా. సోమవారం ఫోను నాకట. ఆయన నా పేరిచ్చారట అన్నయ్యగారికి."

ఈ సంగతి ఆడపడుచుకి ముందే తెలుసేమోనని మంగళకు ఒక అనుమానం. మొహం చూస్తే తీరిపోయింది. చాముండేశ్వరి ముద్ద డబ్బాలో పెట్టేసింది.

"మీ అన్నయ్యగారు నాతో 'వాళ్ళింట్లో వాళ్ళకి' అన్నారే. వాళ్ళింట్లో వాళ్ళంటే వీడే అనుకున్నాను. ఇంకెవరనుకుంటాను?" చెయ్యి తుడుచుకుంది. "విమానం టిక్కెట్టు పెట్టుకుని వచ్చి మూడు రోజులుగా వాణ్ణి బతిమాలుతున్నాను కదే నేను, నీ ఉద్యోగానికి."

మంగళ కూతురి మూతికంటిన ఐస్‌క్రీమ్ తుడిచింది.

"చేస్తావా?" అంది చాముండేశ్వరి.

"తెలియదు వదినా."

"పిల్లని వదిలి ఉండగలవా?"

"తెలియదు."

"వాడు మంచి చేశాడా చెడ్డ చేశాడా?"

"అదే తెలియటం లేదు."

చాముండేశ్వరి డబ్బా మూతపెట్టి సంచిలో సర్దుకుంది. తమ్ముడి మీద కోపం ఎటువైపు నుంచి మొదలుపెట్టాలో ఆవిడకీ పాలుపోలేదు.

నాలుగున్నర బోటుకి అందరూ జెట్టీ మీదికి వచ్చారు. విఠల్ గళ్ళ చొక్కా వేసుకుని వచ్చాడు. స్నేహ అప్పుడే బోటెక్కి ముందు వరస సీటు పట్టుకుంది. చాముండేశ్వరి చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని, పడవవాడి చెయ్యి అందుకుని జాగ్రత్తగా ఎక్కింది.

మంగళ ఎక్కలేదు.

"నేనీపూట ఇక్కడే ఉంటాను," అంది. "పైన గదిలో."

విఠల్ ఆమె మాట సరిగ్గా వినలేదన్నట్టు చూశాడు. "ఎందుకు?"

"నాకూ తెలియదు. ఉండాలనిపించింది. మీరు పాపని తీసుకుని ఇంటికెళ్ళండి. రేపు తొమ్మిదింటికి దానికి డాన్సు క్లాసు. జడలు రెండు వేయాలి, బిగించి. చెవుల దగ్గర నొప్పంటుంది, వినొద్దు. క్లాసు తరవాత వాళ్ళ టీచరు ఏదో కాగితం ఇస్తారు, సంతకం పెట్టి అక్కడే ఇచ్చేయాలి."

"ఇవాళా? ఇవాళ కుదరదు మంగళా. మిమ్మల్ని అవతలి ఒడ్డున దింపి, ఆరు దాటకుండా ఇదే బోటులో నేను వెనక్కి రావాలి."

"పాపని ఎవరు చూస్తారు?"

విఠల్ బోటువైపు తిరిగాడు. "అక్కా, ఈ పూటకి నువ్వు..."

"నేను చూడను," అంది చాముండేశ్వరి బోటులోంచి. ఆ మాట వచ్చిన తీరుకి మంగళ కూడా తలతిప్పి చూసింది. "నీ కూతురు. నీకే కదా దాన్ని దగ్గర పెట్టుకుని చూసుకోవాలని ఉంది. ఇవాళే మొదలుపెట్టు."

పడవవాడు తాడు విప్పుతూ, వస్తున్నావా లేదా అన్నట్టు విఠల్ వైపు చూశాడు. విఠల్ హోటలు వైపు చూశాడు, భార్య వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు. ఏదో చెప్పబోయాడు. బోటు జెట్టీని విడిచి అడుగు దూరం జరిగింది. ఇక తప్పక గెంతి ఎక్కాడు.

"మంగళా, కార్మెన్‌కి చెప్పు," అని అరిచాడు. ఏం చెప్పాలో ఇంజిను చప్పుడులో కలిసిపోయింది.

స్నేహ చెయ్యి ఊపింది. మంగళ కూడా ఊపింది. బోటు తిరిగి, వెనక తెల్లని గీత వదులుతూ వెళ్ళిపోయింది. ఒంటరిగా నిలబడటం ఎన్నేళ్ళకి అని ఆమె అనుకుంది. భయమా, తేలికా అన్నది ఇంకా తేల్చుకోలేదు.

వెనక చెక్కల మీద కర్ర చప్పుడు వినిపించింది. కార్మెన్ ఎంత వేగంగా రాగలదో అంత వేగంగా వస్తోంది.

"ఎక్కడికి వెళ్తున్నాడు విట్టల్? ఆ బోటులో ఎందుకెక్కాడు?"

"ఇంటికి," అంది మంగళ. "రేపటిదాకా రారు."

"రేపా?" కార్మెన్ కర్ర మీద రెండు చేతులూ ఆనించి నిలబడిపోయింది. "శనివారం లవ్. ఆరింటికి ఇరవైరెండు మంది వస్తున్నారు, పుట్టినరోజు పార్టీ. జో చేపలు తెస్తాడు గాని నిప్పు ముట్టుకోడు. నేను పొయ్యి దగ్గర పావుగంట కూడా నిలబడలేను. ఎవరు వండుతారిప్పుడు?"

మంగళ బోటువైపు చూసింది. అది అప్పటికే మలుపు తిరిగి చెట్ల వెనక్కి వెళ్ళిపోయింది.

కార్మెన్ బోటు వైపు చూడటం లేదు. ఆవిడ చూస్తున్నది జన్మలో చేప ముట్టని తన రెండు చేతుల వైపని మంగళకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది.